రేకుల పైకప్పు: వాణిజ్య భవనాలకు ఎంపిక, సంరక్షణ

గోదాములు, కార్ఖానాలు, రైసు మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, ఫంక్షన్ హాళ్లు, కార్ల షోరూములు – మధ్యలో స్తంభాలు అడ్డు రాకుండా విశాలమైన జాగా కావలసిన కట్టడాలకు నేడు ఎక్కువగా వేస్తున్నది లోహపు రేకు కప్పు. ఉక్కు చట్రానికి అడ్డంగా పర్లిన్లు బిగించి, వాటిపై అర మిల్లీమీటరు మందం ఉన్న ముడతల రేకు పరిచి స్క్రూలు దింపితే కప్పు తయారవుతుంది. అయిదంగుళాల కాంక్రీటు స్లాబు చదరపు మీటరుకు 300 కిలోలకు పైగా తూగుతుంది; రేకు బరువు 5 కిలోల చుట్టుపక్కల. పునాదుల ఖర్చు, కట్టే కాలం తగ్గడానికి ఈ తేలికదనమే కారణం. తుపాను గాలికి ముందుగా లేచేది రేకు కప్పు కావడానికీ అదే కారణం.

కొనేవాళ్ల చూపు సాధారణంగా మూడింటి మీద ఉంటుంది: రంగు, మందం, చదరపు అడుగు ధర. కప్పు చెడిపోయే తీరు చూస్తే లెక్క వేరు. కారడం రేకు మధ్యలో మొదలు కాదు. స్క్రూ తల కింద, రెండు రేకులు కలిసే అతుకులో, గట్టర్ మూలలో, వెలుతురు కోసం మధ్య మధ్య వేసే లైటింగ్ షీటు అంచున మొదలవుతుంది. రేకు పాతికేళ్లదై, దాన్ని పట్టి ఉంచిన వాషర్ ఎనిమిదేళ్లదైతే ఆ కప్పు వయసు ఎనిమిదేళ్లే. ఎంపికలోనూ సంరక్షణలోనూ గుర్తుంచుకోవలసిన అసలు సంగతి ఇది.

పుట్టుక

ఇనుప రేకును ముడతలు పెట్టి బలం తేవచ్చన్న ఆలోచనకు 1829లో పేటెంటు తీసుకున్నవాడు లండన్ డాక్ కంపెనీ ఇంజనీరు హెన్రీ రాబిన్సన్ పామర్. సాదా రేకు తన బరువుకే వంగిపోతుంది. అదే రేకుకు మిట్టలు, పల్లాలు వస్తే ఒక దూలం నుంచి ఇంకో దూలం దాకా తనంతట తానే నిలుస్తుంది. అయితే వట్టి ఇనుము వానకు తుప్పు పట్టేది. 1837లో ఫ్రాన్సులో స్టానిస్లాస్ సోరెల్ కరిగిన జింకులో ఇనుమును ముంచే పద్ధతికి పేటెంటు పొందడంతో ఆ చిక్కు తీరింది. మన ఊళ్లలో ఇప్పటికీ వినిపించే ‘జింకు రేకు’ ఈ రెంటి కలయికే. తర్వాతి పెద్ద మలుపు 1972: అమెరికాలో బెత్లెహెమ్ స్టీల్ కంపెనీ 55 శాతం అల్యూమినియం, 43.4 శాతం జింకు, 1.6 శాతం సిలికాన్ కలిసిన పూతతో గాల్వల్యూమ్ రేకును అమ్మకానికి తెచ్చింది. ఇప్పుడు మన దగ్గర పెద్ద షెడ్ల మీద కనిపించే రంగు రేకుల్లో చాలా వాటి అడుగున ఉన్నది ఈ తరహా పూతే. చట్రం, పర్లిన్లు, రేకు అన్నీ కర్మాగారంలోనే కొలతకు తయారై లారీల్లో వచ్చే ప్రీ-ఇంజనీర్డ్ భవనాల పద్ధతికి పాశమైలారం, సదాశివపేట వంటి చోట్ల కర్మాగారాలు వెలసి, హైదరాబాద్ పరిసరాలు దేశంలోనే ముఖ్యమైన కేంద్రమయ్యాయి.

పూత

రేకు ఆయుష్షును ముందుగా నిర్ణయించేది లోపలి ఉక్కూ కాదు, పైన కనిపించే రంగూ కాదు. ఆ రెంటి మధ్య ఉన్న లోహపు పూత. జింకు పూతను చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని చెబుతారు, అదీ రెండు వైపులా కలిపి. 275 గ్రాముల పూత అంటే ఒక్కో వైపు సుమారు 20 మైక్రాన్లు. 120 గ్రాములంటే 8 మైక్రాన్ల పైచిలుకు మాత్రమే. అల్యూమినియం-జింకు పూత తేలిక కాబట్టి 150 గ్రాములకే 20 మైక్రాన్లు వస్తుంది. దీన్నే వ్యాపారులు ‘ఏజెడ్ 150’ అంటారు. జింకు రేకుకు ఐ.ఎస్. 277, దానికి రంగు వేస్తే ఐ.ఎస్. 14246, అల్యూమినియం-జింకు రేకుకు ఐ.ఎస్. 15961, దానికి రంగు వేస్తే ఐ.ఎస్. 15965 భారతీయ ప్రమాణాలు. కొటేషన్‌లో ఈ అంకె, పూత గ్రాములు రెండూ లేకపోతే అది ధరల పట్టీయే కాని కొటేషన్ కాదు.

జింకు తాను కరిగిపోతూ ఉక్కును కాపాడుతుంది. గీత పడినా, కత్తిరించిన అంచు బయటపడినా పక్కనున్న జింకు ముందు ఖర్చవుతుంది. ఎంత వేగంగా ఖర్చవుతుందన్నది ఊరి గాలిని బట్టి ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 9223 వాతావరణాలను తరగతులుగా విడదీసింది. మధ్యస్థమైన సి3 తరగతిలో జింకు ఏడాదికి 0.7 నుంచి 2.1 మైక్రాన్లు పోతుంది. ఉప్పుగాలి, రసాయన పొగలు ఉన్న సి5లో 4.2 నుంచి 8.4 మైక్రాన్లు. రంగు లేని 20 మైక్రాన్ల జింకు పూత ఊరి బయటి గోదాము మీద పది, ఇరవై ఏళ్లు నిలిస్తే, అదే రేకు సముద్రపు ఒడ్డున మూడు నాలుగేళ్లలో ఎర్రబడుతుంది. కాకినాడ, విశాఖ, కృష్ణపట్నం రేవుల దగ్గర కట్టేవాళ్లు హైదరాబాద్ ధరతో పోల్చి బేరమాడటంలో అర్థం లేదు.

అల్యూమినియం-జింకు పూత ఎండకు, వానకు జింకు కన్నా చాలా మన్నుతుంది. అమెరికాలో అయిదు రకాల వాతావరణాల్లో ఉన్న 14 భవనాలను పరిశీలించిన ఒక అధ్యయనం, రంగు వేయని స్టాండింగ్ సీమ్ కప్పులు (రేకుల అంచులను నిలువుగా మడిచి కలిపే రకం) 60 ఏళ్లకు పైగా పనిచేయగలవని తేల్చింది. ఆ అంకెను మన తీరానికి యథాతథంగా అన్వయించుకోకూడదు. పైగా ఈ పూతకు క్షారం పడదు. తడి సిమెంటు, సున్నం తగిలితే పూత నల్లబడి అరిగిపోతుంది. పశువుల, కోళ్ల షెడ్లలో పుట్టే అమ్మోనియా కూడా దీనికి శత్రువే. అలాంటి చోట మందమైన జింకు పూత మీద రంగు వేసిన రేకు నయం. సముద్రానికి మరీ దగ్గరైతే అల్యూమినియం రేకు ఉంది. ధర ఎక్కువ, మందం కూడా ఎక్కువ తీసుకోవాలి, వేడికి ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది కాబట్టి బిగింపు వేరుగా ఉండాలి. భీమవరం వైపు రొయ్యల శుద్ధి కర్మాగారాల్లాంటి చోట తేమ లోపలి నుంచే దాడి చేస్తుంది. సాధారణంగా రేకు అడుగు వైపు వేసే రంగు 5 నుంచి 10 మైక్రాన్లే. ఆ భవనాలకు రెండు వైపులా పూర్తి రంగు అడిగి చేయించుకోవాలి.

మందంలో మాయ

‘అర మిల్లీమీటరు రేకు’ అన్న మాటలో రెండు అర్థాలున్నాయి. ఉక్కు మందం ఒకటి, పూతా రంగూ కలిపిన మొత్తం మందం ఒకటి. మొదటిదాన్ని బీ.ఎం.టీ. అని, రెండోదాన్ని టీ.సీ.టీ. అని అంటారు. మొత్తం 0.50 మి.మీ. ఉన్న రంగు రేకులో ఏజెడ్ 150 పూతకు 0.04, రెండు వైపుల రంగుకు మరో 0.03 తీసేస్తే ఉక్కు మిగిలేది 0.43 మి.మీ. బరువు మోసేది, స్క్రూను పట్టుకునేది ఆ ఉక్కే.

దీన్ని తేల్చుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు, తూకం చాలు. రేకుల కాయిల్ వెడల్పు ఎక్కువగా 1220 మి.మీ. ఉంటుంది. ఉక్కు చదరపు మీటరుకు, మిల్లీమీటరు మందానికి 7.85 కిలోలు. ఈ లెక్కన మీటరు పొడవు రేకులో ఉక్కు 0.43 మి.మీ. అయితే పూతతో కలిపి 4.3 కిలోల పైచిలుకు తూగాలి, ఉక్కే 0.50 మి.మీ. అయితే 5 కిలోల దాకా రావాలి. పది మీటర్ల రేకులో తేడా ఆరు కిలోలకు పైనే. లారీ దిగగానే నాలుగు రేకులు కాటా మీద పెట్టిస్తే సరఫరాదారుతో వాదన అక్కడితో ముగుస్తుంది. పేరున్న తయారీదారులు రేకు అడుగున మందం, పూత, కాయిల్ వివరాలు అచ్చు వేస్తారు. దాన్ని ఫొటో తీసి ఉంచుకోవడం పదేళ్ల తర్వాత వారంటీ అడిగే రోజున పనికొస్తుంది.

రంగు

రంగుల్లో తేడా షేడులో కాదు, రెజిన్‌లో ఉంటుంది. మామూలు పాలియెస్టర్ చౌక. మన ఎండకు కొన్నేళ్లలోనే వెలిసి, చేత్తో తుడిస్తే సుద్దలా అంటుకుంటుంది. సిలికాన్ కలిపిన పాలియెస్టర్, ఆపైన సూపర్ డ్యూరబుల్ పాలియెస్టర్ ఇంకా నిలుస్తాయి. అన్నింటికీ పైమెట్టు పీ.వీ.డీ.ఎఫ్.; రెజిన్‌లో 70 శాతం ఈ ఫ్లోరోపాలిమరే ఉండాలన్నది స్థిరపడిన కొలమానం. రోడ్డు మీది జనానికి కనబడే షోరూముకు, మాల్ ముఖభాగానికి దాని ధర న్యాయమే. ఊరికి దూరంగా ఎవరూ తలెత్తి చూడని గోదాముకు ఆ డబ్బు పూత గ్రాముల మీద, స్క్రూల మీద పెట్టడం మేలు.

లేత రంగు ఎంచుకుంటే లోపల వేడి తగ్గుతుందని అందరికీ తెలుసు. అంతగా తెలియని విషయం – రంగు వేయని మెరిసే రేకు ఎండను బాగా తిప్పికొట్టినా, తాను పీల్చుకున్న వేడిని త్వరగా వదలదు. అందుకే మధ్యాహ్నం దాన్ని ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. తెల్ల రంగు వేస్తే రెండు గుణాలూ వస్తాయి. 2017 నాటి కేంద్ర ఇంధన పొదుపు భవన నియమావళి, 20 డిగ్రీల లోపు వాలున్న కూల్ రూఫ్‌కు ఎండను తిప్పికొట్టే గుణం 0.60కి, వేడిని వదిలే గుణం 0.90కి తక్కువ కాకుండా ఉండాలంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన 2023–28 కూల్ రూఫ్ విధానం వాణిజ్య భవనాలన్నింటికీ, స్థలం ఎంతన్నదానితో సంబంధం లేకుండా, ఇలాంటి కప్పును తప్పనిసరి చేసింది. కాబట్టి ముదురు నీలం, ఇటుక ఎరుపు షెడ్లు ఇక అభిరుచికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు.

ఆకారం, వాలు, సాగుడు

స్క్రూలతో పైనుంచి బిగించే ట్రెపిజాయిడల్ రేకు చవక, ఏ ఫాబ్రికేటర్ అయినా వేయగలడు. దానికి కనీసం 5 డిగ్రీల వాలు కావాలి. మన షెడ్లకు ఎక్కువగా ఇచ్చే పదికి ఒకటి వాలు 5.7 డిగ్రీలు. అంతకన్నా చదునుగా కావాలంటే స్టాండింగ్ సీమ్ కప్పే దారి. ఇందులో రేకుల అంచులు నిలువుగా లేచి ఒకదాని మీద ఒకటి యంత్రంతో మడతపడతాయి. క్లిప్పులు లోపలే దాగి ఉంటాయి, కప్పు మీద రంధ్రమే పడదు.

దాగిన క్లిప్పుల వల్ల ఇంకో లాభం ఉంది. ముప్ఫై మీటర్ల ఉక్కు రేకు, తెల్లవారుజాముకూ మిట్టమధ్యాహ్నానికీ మధ్య 50 డిగ్రీల తేడా వస్తే, 18 మి.మీ. సాగుతుంది. జారే క్లిప్పు ఆ సాగుడుకు చోటిస్తుంది. స్క్రూ ఇవ్వదు. రోజూ అటూ ఇటూ లాగి లాగి రంధ్రం కోలగా మారుతుంది, వాషర్ చిరుగుతుంది. పొడవాటి షెడ్డుకు స్క్రూల కప్పు వేసి ‘అతుకు లేకుండా ఒకే రేకు వేశాం’ అని గొప్పగా చెప్పేవాళ్లు ఈ సంగతి పట్టించుకోరు.

గాలి

గాలి రేకును కిందికి నొక్కుతుందని చాలామంది అనుకుంటారు. ప్రమాదం పైకి లాగడంలో ఉంది. ఐ.ఎస్. 875 మూడో భాగం ప్రకారం విశాఖపట్నం, విజయవాడలకు మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాద్‌కు 44. 50 మీటర్ల వేగానికి గాలి ఒత్తిడి చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, అంటే 150 కిలోల బరువంత. తూర్పు తీరాన 60 కిలోమీటర్ల పట్టీలో ఉన్న పారిశ్రామిక కట్టడాలకు 2015 సవరణ గాలివేగానికి తుపాను గుణకం 1.15 పెట్టింది; ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఆ 150 కాస్తా దాదాపు 200 అవుతుంది. రేకు సొంత బరువు 5 కిలోలు. మిగతాదంతా స్క్రూలే ఆపాలి. అంచుల్లో, మూలల్లో, కొప్పు దగ్గర లాగుడు మధ్యలో కన్నా బాగా ఎక్కువ. అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా పడాలి. కాంట్రాక్టర్ షెడ్డు అంతటికీ ఒకే దూరం పాటిస్తున్నాడంటే డ్రాయింగు చూడలేదన్నమాట.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్ల మేర గాలులతో విశాఖను తాకినప్పుడు విమానాశ్రయం టెర్మినల్ కప్పు కూడా చెదిరిపోయింది. ఇలాంటి దెబ్బ నుంచి ప్రపంచం నేర్చుకున్న పెద్ద పాఠం ఆస్ట్రేలియాది. 1974 క్రిస్మస్ వేళ ట్రేసీ తుపాను డార్విన్ నగరాన్ని నేలమట్టం చేసింది. తర్వాత పరిశీలిస్తే చాలా రేకులు ఒక్క విసురుకు ఊడిపోలేదని, గంటల తరబడి ఎగిరెగిరి పడుతూ స్క్రూ చుట్టూ బీటలిచ్చి చిరిగాయని తేలింది. అప్పటి నుంచి అక్కడ రేకులను ఒక్కసారి లాగి కాక, వేల సార్లు ఊపి పరీక్షించే పద్ధతి వచ్చింది. స్క్రూ తల కింద వెడల్పయిన సైక్లోన్ వాషర్లు వాడుకలోకి వచ్చాయి. మన తీర జిల్లాల్లో ఈ వాషర్లు అడిగితే దొరుకుతాయి. అడిగేవాళ్లే తక్కువ.

స్క్రూ, వాషర్, అతుకు

సాధారణంగా వాడేది 5.5 మి.మీ. వ్యాసం ఉన్న సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూ, తల కింద లోహపు బిళ్ల, దానికి అంటిన ఈ.పీ.డీ.ఎం. రబ్బరు వాషర్. మంచి బిగింపు కంటికే తెలుస్తుంది: రబ్బరు బిళ్ల అంచు దాటి వెంట్రుక వాసి బయటికి పొంగాలి. పొంగకపోతే వదులు. పువ్వులా విచ్చుకుంటే అతిగా బిగించినట్టు. అది రెండు ఎండాకాలాల్లో చిట్లుతుంది. స్క్రూ వంకరగా దిగితే ఒక పక్కే నొక్కుకుని రెండో పక్క నోరు తెరుస్తుంది. మరకు వేగం, బిగువు సరిచేసుకోకుండా ‘టర్’మని దింపేసే పనివాడు గంటలో వంద లీకులు తయారు చేయగలడు.

స్క్రూ మిట్ట మీద వేయాలా, పల్లంలో వేయాలా అన్నది పాత తగాదా. మిట్ట మీద వేస్తే నీరు దరి చేరదు, కాని కింద ఆధారం లేక గట్టిగా బిగిస్తే మిట్ట సొట్టపడుతుంది. పల్లంలో వేస్తే రేకు పర్లిన్‌కు అతుక్కుని గట్టిగా ఉంటుంది, వాషర్ మాత్రం వాన పారే దారిలోనే కూర్చుంటుంది. తయారీదారు ఏ పద్ధతికి పరీక్ష చేయించాడో దాన్నే పాటించాలి. వర్షం ఎక్కువ, వాలు తక్కువ ఉన్న చోట మిట్టే క్షేమం.

లోహాల మధ్య పొత్తు కుదరాలి. రాగి గొట్టం నుంచి కారిన నీళ్లు జింకును, అల్యూమినియాన్ని తినేస్తాయి. కప్పు మీద ఏ.సీ. యూనిట్లు పెట్టి వాటి నీటిని రేకు మీదికే వదిలేసిన షాపుల్లో ఆ ధార పారిన మేరా తుప్పు చార కనబడుతుంది. సీసం కూడా పనికిరాదు. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడితే అందులోని ఆమ్లం పూతను కొరుకుతుంది. న్యూట్రల్ క్యూర్ రకమే వాడాలి. అల్యూమినియం-జింకు రేకు మీద కొలతలకు పెన్సిల్ గీతలు గీయకూడదు – గ్రాఫైటు ఆనిన గీత వెంటే మచ్చ తేలుతుంది. రేకును గ్రైండర్‌తో కోస్తే నిప్పురవ్వలు రంగులోకి దిగబడతాయి. కత్తెర లేదా నిబ్లర్ వాడాలి. ఏ రోజు పని ఆ రోజు ముగియగానే డ్రిల్లు పొట్టు ఊడ్చేయాలి. లేకపోతే తొలి వానకే కొత్త కప్పు మీద ఎర్రచుక్కలు లేస్తాయి.

ఎండ, తేమ, చప్పుడు

ఇన్సులేషన్ లేని రేకు షెడ్డులో మే నెల మధ్యాహ్నం పనిచేయడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. గ్లాస్ వూల్ దుప్పటి పర్లిన్ల మీద పరిచి దానిపై రేకు వేయడం మామూలు పద్ధతి. వాన చప్పుడు కూడా తగ్గుతుంది. దాని అడుగు పొర చిరిగితే తేమ చేరి దూది తడిసిన బస్తాలా వేలాడుతుంది. కొప్పు మీద తిరిగే టర్బో వెంటిలేటర్లు వేడి గాలిని లాగుతాయి కాని, ఒక్కొక్కటీ కప్పుకు పెట్టిన ఒక పెద్ద రంధ్రమే. దాని చుట్టూ ఫ్లాషింగ్ ఎలా చేస్తారో ముందే చూపించమనాలి.

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల వంటి వాటికి లోపల చల్లదనం, బయట ఉక్క. తేమ బయటి నుంచి లోపలికి చొచ్చుకొస్తుంది. కాబట్టి ఆవిరిని ఆపే పొర బయటి వైపే ఉండాలి. చలి దేశాల పుస్తకాల్లో చెప్పేదానికి ఇది తలకిందులు. రెండు రేకుల మధ్య నురగ నింపిన పఫ్ ప్యానెళ్లు ఇక్కడ బాగా పనిచేస్తాయి. లోపలి నురగ ఘనపు మీటరుకు 40 కిలోల సాంద్రత ఉండటం వాడుక. ఆ నురగ మండుతుంది. పీ.ఐ.ఆర్. రకం కొంత మేలు, రాక్ వూల్ అసలు మండదు. మంటకు అవకాశం ఉన్న చోట ధర చూసి పఫ్ ఎంచుకోవడం తెలివి కాదు.

నీరు పోయే దారి

వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద గంటకు 100 మి.మీ. లెక్కన వాన కురిస్తే గంటకు లక్ష లీటర్లు, అంటే సెకనుకు దాదాపు 28 లీటర్లు గట్టర్‌లోకి దిగుతాయి. చూరు గట్టర్ పొంగితే నీళ్లు బయట పడతాయి. రెండు షెడ్ల నడుమ ఉన్న గట్టర్ పొంగితే సరుకు మీద పడతాయి. ఆ మధ్య గట్టర్ వెడల్పుగా, మనిషి నడవగలిగేలా, పొంగు నీటికి వేరే మార్గంతో ఉండాలి. వీలైతే అసలు మధ్య గట్టరే లేకుండా షెడ్డు రూపు మార్చుకోవడం మంచిది. ఆకులు, పావురాల గూళ్లు, పనివాళ్లు వదిలేసిన రేకు ముక్కలు డౌన్ పైపు నోట్లో చేరితే ఎంత పెద్ద గట్టరైనా దండగే.

సంరక్షణ

ఏడాదికి రెండుసార్లు కప్పు ఎక్కి చూడాలి: ఒకసారి మేలో, నైరుతి వానలకు ముందు, మరోసారి తుపానుల కాలం ముగిశాక. పెద్ద ఈదురుగాలి వెళ్లిన మర్నాడు వేరే. మొదట గట్టర్లు, ఆపైన స్క్రూలు, లైటింగ్ షీట్ల అంచులు, కొప్పు, పైపులు కప్పును చీల్చుకొచ్చే చోట్లు – ఈ వరస పాటిస్తే చాలు. కిందినుంచి కూడా ఒకసారి చూడాలి. లైట్లు ఆర్పి మధ్యాహ్నం షెడ్డులో నిలబడి పైకి చూస్తే రంధ్రాలు వాటంతటవే మెరుస్తాయి. లీకు చుక్క పడిన చోటే పైన రంధ్రం ఉందనుకోకూడదు. నీరు పర్లిన్ వెంట మీటర్ల దూరం పాకి వచ్చి పడుతుంది.

వాన కడిగే రేకు బాగుంటుంది. వాన తగలని చూరు కింది భాగం, పందిరి నీడలోని గోడ రేకు ముందు చెడతాయి, ఎందుకంటే అక్కడ ఉప్పూ దుమ్మూ ఏళ్ల తరబడి పేరుకుంటాయి. తీరంలో ఈ భాగాలను ఆరు నెలలకొకసారి మంచినీటితో కడిగించాలి. చాలా వారంటీ కాగితాల్లో ఇది షరతుగానే ఉంటుంది. సముద్రానికి ఎంత దూరమన్న షరతు కూడా ఉంటుంది; చదివే సంతకం పెట్టాలి.

తెల్ల తుప్పు అంటే జింకు మీద తెల్లటి పొడి. ఎక్కువగా వేయకముందే, కట్టలు కట్టలుగా తడిలో పేర్చి ఉంచిన రేకుల్లో వస్తుంది. పైపైన ఉంటే తుడిచి ఆరబెట్టుకోవచ్చు. ఎర్ర తుప్పు కనబడితే పూత ఆ చోట అయిపోయినట్టే: వైరు బ్రష్షుతో గీకి, జింకు ఎక్కువగా ఉన్న ప్రైమర్ వేసి, పైన రంగు వేయాలి. చిన్న గీతలకు మాత్రం సన్నటి బ్రష్షుతో ఆ గీత మేరకే పూయాలి. స్ప్రే కొడితే కొన్నేళ్లకు ఆ మచ్చ వేరే రంగులో తేలుతుంది. రంధ్రం వదులైన స్క్రూను మళ్లీ మళ్లీ బిగించి లాభం లేదు. తీసేసి 6.3 మి.మీ. లావు స్క్రూ కొత్త వాషర్‌తో వేయాలి. మన ఊళ్లలో అలవాటైన వైద్యం తారు పూయడం. అది ఒక వానాకాలం ఆపుతుంది, తర్వాత తన కింద నీటిని పట్టి ఉంచి రేకును లోపల్లోపలే తినేస్తుంది. పైగా తారు అంటిన రేకు మీద తర్వాత ఏ సీలెంటూ పట్టదు.

కప్పు మీద నడిచేవాళ్లు స్క్రూల వరస వెంట, అంటే పర్లిన్ మీదుగా అడుగేయాలి. లైటింగ్ షీటు మీద ఎవరూ కాలు పెట్టకూడదు. ఆ షీటులోని ఎఫ్.ఆర్.పి. ప్లాస్టిక్ కొన్నేళ్ల ఎండకు పెళుసెక్కి, దుమ్ము పట్టి, రేకు రంగులో కలిసిపోతుంది. దాని మీంచి కింద పడి చనిపోవడం రేకు షెడ్లలో మళ్లీ మళ్లీ జరిగే ప్రమాదం. కింద జాలీ వల బిగించడం, లైఫ్ లైను, ఒంటికి హార్నెస్, నడక పలకలు – వీటి ఖర్చును సంరక్షణ ఒప్పందంలోనే రాయించాలి. తడి రేకు మీదికి ఎవరినీ ఎక్కించకూడదు.

సౌర పలకలు, కప్పు మార్పు

సోలార్ ప్లాంటు పెట్టించుకునే యజమాని అడగవలసిన మొదటి ప్రశ్న యూనిట్ ధర కాదు, కప్పుకు ఇంకా ఎన్నేళ్ల ఆయుష్షు ఉందన్నది. పలకలు పాతికేళ్లు ఉంటాయి. వాటి కింద పదిహేనేళ్ల పాత రేకు ఉంటే మధ్యలో అంతా దింపి మళ్లీ ఎక్కించాల్సి వస్తుంది. పలకలు, పట్టాలు కలిసి చదరపు మీటరుకు 10–15 కిలోలు అదనం. ఇది చట్రం డ్రాయింగులో ఉందో లేదో ఇంజనీరు చూడాలి. స్టాండింగ్ సీమ్ కప్పుకైతే మడత మీద క్లాంపు బిగిస్తే సరి, రంధ్రం అవసరం లేదు. పలకలు కడగడానికి వారం వారం మనుషులు ఎక్కుతారు కనుక నడక దారి కూడా ముందే వేయించుకోవాలి.

పాత ఆస్బెస్టాస్ సిమెంటు కప్పుల స్థానంలో లోహపు రేకు వేయడం మన మిల్లుల్లో, గోదాముల్లో ఇప్పుడు పెద్ద పని. ఆ రేకులను సుత్తితో పగలగొట్టి దించడం ప్రమాదకరం. విరిగినప్పుడు లేచే సన్నటి పీచు ఊపిరితిత్తుల్లో చేరి ఆస్బెస్టోసిస్‌కు, క్యాన్సర్‌కు దారి తీస్తుంది. నీళ్లతో తడిపి, హుక్కులు విప్పి, ముక్క కాకుండా దించాలి. పనివాళ్లకు తగిన మాస్కులు ఇవ్వాలి. కోయకూడదు, డ్రిల్ చేయకూడదు. పొడుగాటి జె-హుక్కులకు అలవాటుపడిన పాత యాంగిల్ పర్లిన్లు కొత్త రేకు దూరాలకు సరిపోతాయో లేదో లెక్క చూసుకోవాలి. సిమెంటు రేకు బరువు ఎక్కువ కనుక ఆ చట్రం కిందికి వచ్చే భారానికి తట్టుకుంటుంది. తేలిక రేకు వేశాక గాలి పైకి లాగే బలాన్ని మాత్రం పునాది బోల్టుల దాకా కొత్తగా పరీక్షించాలి.